మొదలుపెట్టిన కారణం వేరు, మానలేని కారణం వేరు

సంపాదకులకు,

మద్యం, మత్తుమందుల మీద ఎక్కడ చర్చ జరిగినా మొదట వచ్చే ప్రశ్న ‘అసలు ఎందుకు అలవాటు చేసుకున్నాడు?’ అనేదే. చెడు సావాసం, దిగులు, చేతిలో డబ్బు ఆడటం అంటూ జవాబులూ తయారుగా ఉంటాయి. అవి అబద్ధాలని మేము అనం. కానీ మొదటి గుక్క ఎందుకు తాగాడన్నది ఒకటి, పదేళ్ల తర్వాత తెల్లారి ముఖం కడుక్కోకముందే సీసా కోసం ఎందుకు తడుముకుంటున్నాడన్నది మరొకటి. రెండింటినీ కలిపేయడం వల్లే ఇళ్లలో ప్రాణాలు పోతున్నాయి.

మందు మొదట్లో పని చేస్తుంది. దాన్ని ఒప్పుకోకుండా మాట్లాడితే తాగేవాడు మన మాట వినడు. బిడియం పోతుంది, గుండెల్లో బరువు తగ్గినట్టుంటుంది, నిద్ర పడుతుంది. ఆ నిద్రే చూడండి. కన్ను త్వరగా మూతపడుతుంది, కానీ రక్తంలో మద్యం తగ్గుతున్నకొద్దీ మెదడు ఉలిక్కిపడి లేస్తుంది. రాత్రి రెండో సగమంతా కలత నిద్ర, మర్నాడు చిరాకు, నీరసం. దానికి మందుగా రాత్రికి ఇంకో పెగ్గు. నిద్ర పట్టక తాగుతున్నానని అతను అంటాడు. తాగడం వల్లే నిద్ర చెడిందన్న సంగతి అతనికి తట్టదు.

ఒకరు సరదాతో ఆగిపోయి మరొకరు కూరుకుపోవడానికి కారణం మనోబలం ఒక్కటే కాదు. మద్యానికి బానిసయ్యే ముప్పులో సుమారు సగం జన్యువులదే. మిగతా దానిలో పరిస్థితుల వాటా ఎంత పెద్దదో వియత్నాం యుద్ధం చూపించింది. 1971లో అక్కడి నుంచి తిరిగొచ్చిన అమెరికా సైనికులను లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు పరిశీలించారు. అక్కడ ఉండగా హెరాయిన్ వంటి మత్తుకు బానిసలమయ్యామని దాదాపు ఐదుగురిలో ఒకరు చెప్పారు. ఇంటికొచ్చిన మొదటి ఏడాదిలో వారిలో మళ్లీ బానిసలైనవారు 5 శాతమే. ఆ భయం, ఆ విసుగు, చెయ్యి చాపితే అందే సరుకు వెనకే ఉండిపోయాయి. మన దగ్గర చికిత్స అయినవాణ్ని మాత్రం తిన్నగా పాత గదికి, పాత స్నేహాలకే పంపిస్తాం.

ఇక మానలేని కారణం. మద్యం మెదడును నెమ్మదింపజేస్తుంది. రోజూ పడుతుంటే మెదడు దాన్ని తట్టుకోవడానికి తన వేగం పెంచుకుంటుంది. హఠాత్తుగా మందు ఆగితే ఆ వేగానికి పగ్గం ఉండదు. ఉదయం గ్లాసు పట్టుకుంటే నీళ్లు తొణికి చేతి మీద పడతాయి, చొక్కా గుండీ కాజాలోకి దూరదు. రెండు గుక్కలు పడ్డాక అదే చెయ్యి నిలకడగా గుండీలన్నీ పెట్టేస్తుంది. ఆ తాగుడులో సుఖం లేదు, వణుకు ఆపుకోవడమే ఉంది.

ఇది తెలియక ఇంట్లోవాళ్లు ఒట్టు వేయించి గదిలో పెట్టి తాళం వేస్తారు. చివరి గుక్క తర్వాత 6 నుంచి 12 గంటల్లో వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి. 48 గంటల లోపు ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు కొందరికి లేనివి కనిపిస్తాయి, ఎక్కడున్నారో తెలియదు, ఒళ్లు కాలిపోతుంది, గుండె దడదడలాడుతుంది. పిచ్చి పట్టిందనుకుని కట్టేస్తారు. చికిత్స అందకపోతే ఆ దశలో మనిషి పోవచ్చు. రోజూ తాగేవాళ్లు మానాలంటే ముందుగా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. రోజుకు ఎంత తాగుతాడో, చివరిసారి ఎన్ని గంటలకు తాగాడో, ఇంతకుముందు ఫిట్స్ వచ్చాయో లేదో దాచకుండా చెప్పాలి. డయాజెపామ్, లోరాజెపామ్ వంటి మందులు డాక్టరు పర్యవేక్షణలో ఇచ్చి, వారం రోజుల్లో మెల్లగా తగ్గిస్తారు. వాటిని ఇంట్లో సొంతంగా వాడకూడదు. తిండి సరిగా లేనివాళ్లకు గ్లూకోజు ఎక్కించే ముందే థయమిన్, అంటే బి1 విటమిన్ పడాలి. అది తప్పితే మెదడు శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదం ఉంది.

ఇంకో తప్పు, తాగుడు మాన్పిస్తుందని డైసల్ఫిరామ్ మాత్రను తెలియకుండా తిండిలో కలపడం. దాని మీద మద్యం పడితే వాంతులు, దడ, రక్తపోటు పడిపోవడం. గుండె జబ్బు ఉంటే ప్రాణాంతకం. ఆ మందు మనిషికి చెప్పి, అతని ఒప్పుకోలుతో ఇవ్వాల్సిందే. కోరిక తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రొసేట్ కూడా ఉన్నాయి. వాటి సంగతి అడగడానికి జంకనక్కర్లేదు.

హెరాయిన్, మత్తు కలిగించే నొప్పి మందుల విషయంలో గండం వేరే చోట ఉంది. కొన్ని వారాలు మానేసరికి ఒంటికి తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. చికిత్స కేంద్రం నుంచో జైలు నుంచో బయటికొచ్చినవాడు పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగుతుంది. బయటికొచ్చిన మొదటి రెండు వారాలు అందుకే అన్నిటికన్నా ప్రమాదం. పంపించేటప్పుడు ఈ హెచ్చరిక కాగితం మీద రాసి ఇవ్వాలని, మోతాదు మించి ఊపిరి ఆగుతున్నప్పుడు తిరిగి తెప్పించే నలాక్సోన్ అనే మందు వాడకం ఇంట్లో ఒకరికి నేర్పి దాన్ని చేతికివ్వాలని, మొదటి వారంలోనే తిరిగి చూసే తేదీ ఖాయం చేయాలని చికిత్స కేంద్రాలు నడిపేవారిని, వాటికి నిధులిచ్చే ప్రభుత్వాలను కోరుతున్నాం.

— వ్యసన చికిత్సలో పనిచేస్తున్న కొందరు కౌన్సెలర్లు, నర్సులు