కంపెనీ ఇచ్చే స్కాలర్‌షిప్ పిల్ల చేతికే అందాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది హిందూపురం. బతుకుదెరువుకు బెంగళూరు వచ్చి చాలా ఏళ్లయింది. పీణ్యాలో మెషీన్ల విడిభాగాలు చేసే ఒక చిన్న యూనిట్లో అకౌంట్స్ చూస్తాను. మా అమ్మాయి ఇక్కడే పీయూసీ (మన ఇంటర్మీడియెట్ లాంటిది) చదివి, సొంతంగా ఎంట్రన్స్ పెట్టుకునే ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ఇంజినీరింగ్‌లో చేరింది. కాలేజీ మెరిట్ రాయితీ తీసుకోవాలా, కంపెనీ స్కాలర్‌షిప్ తీసుకోవాలా అని మా ఇంట్లో వారం రోజులు తర్జనభర్జన పడ్డాం. వచ్చే ఏడాది పిల్లల్ని చేర్పించబోయే తల్లిదండ్రులకు పనికొస్తుందని ఈ సంగతి రాస్తున్నాను.

ట్యూషన్ ఫీజు ఏడాదికి 2.40 లక్షలు. ర్యాంకును బట్టి అందులో సగం తగ్గిస్తామన్నారు. బ్రోచర్లో ఉన్నది ఆ ఒక్క లైనే. షరతుల కాగితం మాత్రం అడ్మిషన్ ఫీజు కట్టి రసీదు తీసుకున్నాకే చేతికిచ్చారు. రాయితీ ట్యూషన్ ఫీజుకు మాత్రమే, ల్యాబు, పరీక్ష, బస్సు ఫీజులు మామూలే. రెండో ఏడాది నుంచి సీజీపీఏ (పదికి సగటు గ్రేడు పాయింట్లు) 8.5కి తగ్గకూడదు, ఒక్క సబ్జెక్టు కూడా పోకూడదు. ఇంతవరకు ఎవరైనా ఒప్పుకుంటారు. కాగితం అడుగున ఇంకో వాక్యం ఉంది: విద్యార్థి బయట ఏ సంస్థ నుంచి స్కాలర్‌షిప్ పొందినా ఆ ఏడాది రాయితీ మొత్తాన్ని తిరిగి చెల్లించాలి. దాని కిందే మా సంతకం.

అమ్మాయి అప్పటికే ఒక కంపెనీ ఫౌండేషన్ స్కాలర్‌షిప్‌కు అప్లై చేసింది. నాడకచేరిలో (ఇక్కడి రెవెన్యూ ఆఫీసు) ఆదాయ సర్టిఫికెట్ తీసుకోవడం, మార్కుల జాబితాలు అప్‌లోడ్ చేయడం, ఆన్‌లైన్ ఇంటర్వ్యూ అన్నీ అయ్యి డిసెంబరులో సెలెక్టయినట్టు మెయిల్ వచ్చింది. ఏడాదికి లక్ష, నాలుగేళ్లూ. సీజీపీఏ 6.5 ఉంటే చాలు. డబ్బు నేరుగా అమ్మాయి ఖాతాలో పడుతుంది, ఫీజుకైనా వాడుకోవచ్చు, ల్యాప్‌టాప్ అయినా కొనుక్కోవచ్చు.

కాలేజీ అకౌంట్స్ సెక్షన్‌కు వెళ్లి అడిగితే, అది తీసుకుంటే 1.20 లక్షలు వెనక్కి కట్టాలన్నారు. లెక్క చూడండి. కంపెనీ లక్ష ఇస్తే కాలేజీ లక్షా ఇరవై వేలు తీసుకుంటుంది. స్కాలర్‌షిప్ వచ్చిన సంవత్సరంలో మా ఇంటికి ఇరవై వేలు ఎదురు ఖర్చు. నాలుగేళ్లకు వేస్తే కాలేజీది 4.80 లక్షలు, కంపెనీది 4 లక్షలు. కాకపోతే మొదటిది ఏ సెమిస్టర్‌లో పాయింటు తగ్గినా అక్కడితో ఆగిపోతుంది. "ప్రతి పరీక్షకూ 8.5 టెన్షన్‌తో కూర్చోలేనమ్మా" అంది మా అమ్మాయి. ఆ మాటతో కంపెనీదే తీసుకున్నాం. ఆ 1.20 లక్షలు కట్టడానికి నా చీటీ పాడుకున్నాను.

నా బాధ ఆ ఇరవై వేల గురించి కాదు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు తమ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. 2014 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ నిబంధన వల్ల చాలామంది పేద, మధ్యతరగతి పిల్లలకు మేలు జరుగుతోంది. మన ఊరి ఇన్ఫోసిస్ ఫౌండేషన్ 2023లో వంద కోట్లతో అమ్మాయిల కోసం స్టెమ్ స్టార్స్ స్కాలర్‌షిప్ మొదలుపెట్టింది, ఏడాదికి లక్ష దాకా ఇస్తుంది. కోటక్ కన్యా స్కాలర్‌షిప్ ఏడాదికి లక్షన్నర. ఇలాంటి డబ్బు ఏ పిల్లకు వచ్చినా కాలేజీ తన రాయితీని ఆ మేరకు వెనక్కి లాక్కుంటే, చివరికి ఆ డబ్బు ఎవరికి చేరినట్టు? కంపెనీ రికార్డుల్లో ఒక ఆడపిల్లను చదివించినట్టు ఉంటుంది. ఇంట్లో ఖర్చు మాత్రం పైసా తగ్గదు.

మరో స్కాలర్‌షిప్ తీసుకోకూడదన్న నిబంధన కేంద్ర ప్రభుత్వ పీఎం-యూఎస్‌పీ స్కీములోనూ ఉంది, కాదనను. అది డిగ్రీ పిల్లలకు ఏడాదికి 12 వేలిచ్చే స్కీము. కానీ ఆ సంగతి గైడ్‌లైన్స్‌లోనే ఉంటుంది, అప్లై చేసేవాళ్లు ముందే చదువుకోవచ్చు. ఫీజు రసీదు చింపి ఇచ్చాక చూపించరు. అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రం 2017లోనే, బయటి స్కాలర్‌షిప్ వచ్చిందన్న కారణంతో ప్రభుత్వ కాలేజీలు తమ సాయాన్ని ఇష్టమొచ్చినట్టు తగ్గించకుండా చట్టం చేసింది. మన దగ్గర ఆ ఆలోచన చేసినవాళ్లు నాకు కనబడలేదు.

రాయితీలు, స్కాలర్‌షిప్‌లు ఎవరికి ఏ ప్రాతిపదికన ఇస్తున్నారో కాలేజీలు తమ వెబ్‌సైట్‌లో పెట్టాలని సాంకేతిక విద్యను పర్యవేక్షించే కేంద్ర మండలి ఏఐసీటీఈ ఇప్పటికే అడుగుతోంది. ఈ వెనక్కి కట్టించుకునే షరతును కూడా అందులోనే, బ్రోచర్లోనూ, రాయితీ శాతం పక్కనే అదే సైజు అక్షరాల్లో వేయించాలి. కంపెనీలు కూడా సెలక్షన్ డిసెంబరు దాకా లాగకుండా ఫీజులు కట్టే రోజులకే తేల్చాలి. తామిచ్చే సాయం కారణంగా రాయితీ తగ్గించబోమని కాలేజీ నుంచి రాయించుకున్నాకే డబ్బు విడుదల చేస్తే ఇంకా మంచిది. డబ్బిచ్చే కంపెనీ అడిగితే కాలేజీ కాదనదు, మాలాంటి వాళ్లు కౌంటర్ దగ్గర నిలబడి అడిగితే ఎవరు వింటారు?

తల్లిదండ్రులకు నా మనవి. అడ్మిషన్ ఫీజు కట్టేముందు రాయితీ షరతుల కాగితం మొత్తం ఇమ్మని అడగండి. బయట స్కాలర్‌షిప్ వస్తే ఏమవుతుందో మెయిల్‌లో అడిగి, జవాబు మెయిల్‌లోనే తెప్పించుకోండి. కర్ణాటక ప్రభుత్వ ఎంట్రన్స్ సీఈటీ రాసిన పిల్లలుంటే ఎస్ఎన్‌క్యూ (మామూలు సీట్లకు అదనంగా ఉండే కోటా) సీట్ల గురించి తప్పకుండా కనుక్కోండి. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉన్నవాళ్లకు వాటిలో ట్యూషన్ ఫీజు ఉండదు.

అడ్మిషన్లు మొదలయ్యేలోగా బెంగళూరు, చెన్నై ప్రైవేటు యూనివర్సిటీల రాయితీ షరతులను మీ చదువుల పేజీలో వివరంగా వేయించాలని కోరుతున్నాను. నా పేరు ప్రచురించవద్దని మనవి.

ఒక తల్లి,
టి. దాసరహళ్లి, బెంగళూరు