లేపాక్షి స్పేస్ సిటీలో మన ఫిట్టర్లకు చోటుందా?

సంపాదకులకు,

రాష్ట్ర మంత్రివర్గం 2025లో ఆమోదించిన అంతరిక్ష విధానంలో ఆ రంగం పరిశ్రమల కోసం రెండు స్పేస్ సిటీలున్నాయి. శ్రీహరికోటకు దగ్గరని తిరుపతిలో ఒకటి, బెంగళూరుకు దగ్గరని లేపాక్షిలో ఒకటి. తయారీ పనులు తిరుపతికట, డిజైన్ పనులు లేపాక్షికట. నా అనుమానమంతా ఇక్కడే. డిజైన్ చేసేవాళ్లు పొద్దున బెంగళూరులో బస్సెక్కి వచ్చి, సాయంత్రానికి తిరిగి వెళ్లిపోగలరు. హిందూపురం, చిలమత్తూరు పిల్లోళ్లకు మిగిలేది గేటు కాపలా, క్యాంటీను పనేనా?

రాకెట్ కేంద్రమే మాకు కావాలని ఎవరూ అడగడం లేదు. శ్రీహరికోట తీరం నుంచి రాకెట్ తూర్పు దిక్కుగా ఎగిరితే భూమి తిరిగే వేగం సెకనుకు దాదాపు 450 మీటర్లు ఊరికే కలిసొస్తుంది, విడిపోయిన దశలు బంగాళాఖాతంలో పడతాయి. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్‌తో మొదలై, 2025 జనవరిలో వందో ప్రయోగం దాకా షార్ (శ్రీహరికోట ప్రయోగ కేంద్రం) నడిచింది ఆ తీరం బలంతోనే. దాదాపు 3,985 కోట్ల రూపాయలతో మూడో ప్రయోగ వేదిక కూడా అక్కడే రాబోతోంది. సబబే. అయితే ఆ దీవిలో తరాలుగా బతికిన యానాది గిరిజనులు గూడేలు వదిలి రావలసి వచ్చిందన్నదీ, ప్రయోగం రోజున చుట్టుపక్కల మత్స్యకారులు వేట మానుకోవాలన్నదీ టీవీలో కౌంట్‌డౌన్ చూసే మనకు గుర్తు రాదు.

రాకెట్ ఎగరడానికి సముద్రం కావాలి గానీ, దాని భాగాలు చేయడానికి అక్కర్లేదు. ఉపగ్రహాలు బెంగళూరులో తయారై లారీల మీద శ్రీహరికోటకు పోతాయి. హైదరాబాద్, కోయంబత్తూరు వర్క్‌షాపుల్లో చేసిన భాగాలు రాకెట్లలో ఉన్నాయి. ఆ ఊళ్లకు సముద్రముందా? పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చాక విడిభాగాల కంపెనీలు ఎట్లా వచ్చాయో చూశాం కదా.

నేను ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చెప్పి రిటైరైనవాణ్ణి. షార్‌లో టెక్నీషియన్ ఉద్యోగానికి పదో తరగతి, ఐటీఐ ఉంటే చాలు, కానీ పోటీ దేశమంతటి నుంచీ ఉంటుంది. ఇక్కడ మన పిల్లల చేతికి ఏమిస్తున్నాం? నాకు తెలిసిన ఒక ఐటీఐలో లేత్ మెషీన్ మీద ఇనుప ముక్కను పట్టి ఉంచే చక్ దవడలు అరిగిపోయి, బిగించిన ముక్క తిరుగుతూ ఊగుతుంది. సన్నటి కొలతలు తీసే వెర్నియర్ ఒక్కదాన్నే బ్యాచ్ అంతా చేతులు మార్చుకుంటారు. కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషీన్ గురించి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాలి. అంతరిక్ష పరికరాల్లో కొన్నిచోట్ల మిల్లీమీటరులో వందో వంతు తేడా వచ్చినా భాగాన్ని పక్కన పడేస్తారు. ఆ పని చేసే చేయి ఈ వర్క్‌షాపులో తయారు కాదు. పిల్లలకు తెలివి లేక కాదు. ఆకురాయితో ఫైలింగ్ చేసి, మూల సరిచూసే ట్రై స్క్వేర్ ఆనించి, వెలుతురుకు పట్టి చూసుకునే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు.

అందుకని నా విన్నపం ఒక్కటే. లేపాక్షికి డిజైన్‌తోపాటు యంత్రాల పనీ కేటాయించండి. హిందూపురంలో సీఎన్‌సీ మెషీన్లు, కొలతల ల్యాబ్ ఉన్న ఉమ్మడి వర్క్‌షాపు ఒకటి ముందుగా తెరవండి. ఉమ్మడి అనంతపురం జిల్లాలోని ఐటీఐ, పాలిటెక్నిక్ పిల్లలు వంతులవారీగా వచ్చి అక్కడ నేర్చుకోవాలి. స్పేస్ సిటీలో స్థలం తీసుకునే కంపెనీ ఏటా ఇంతమందిని అప్రెంటిస్‌లుగా తీసుకుంటానని ఒప్పందంలోనే రాయాలి. మాటగా చెబితే కుదరదు, ఎకరాల లెక్క రాసే కాగితం మీదే ఈ లెక్కా ఉండాలి. ఇప్పటిదాకా పేపర్లలో భూముల సంగతే చదువుతున్నాం. వర్క్‌షాపుకు నిధులెంత, ఏ సంవత్సరానికి పూర్తవుతుంది అన్నది భూములు కంపెనీల చేతికి వెళ్లకముందే జిల్లా మంత్రులు ప్రకటించాలి.

— విశ్రాంత ఐటీఐ బోధకుడు, అనంతపురం