నీళ్ల మీద గీత దాటినందుకు జైలా?

సంపాదకులకు నమస్కారం.

ఆగస్టు వచ్చిందంటే మా ఎచ్చెర్ల మండలం తీరంలోని ఊళ్లలో మగవాళ్లు పెద్దగా కనబడరు. బోటు ఓనర్ల దగ్గర అడ్వాన్సు తీసుకుని గుజరాత్‌లోని వేరావల్‌కు చేపల వేటకు వెళ్లిపోతారు. ఇంత పొడవు తీరం ఉన్నా బోట్లు నిలుపుకోవడానికి సరైన జెట్టీలు లేకపోవడమే ఈ వలసకు మూలం. దాని గురించి మీ పత్రికలో చాలాసార్లు వచ్చింది. నేను రాస్తున్నది వేరే సంగతి.

2018 నవంబరులో అలా వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జాలర్లను పాకిస్థాన్ పట్టుకుపోయింది. వాళ్లలో 20 మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర మన నేల మీద కాలు పెట్టారు. పదమూడు నెలలు పైనే కరాచీ జైల్లో ఉన్నారు. వాళ్లు చేసిన తప్పల్లా చేపల వెంట పోవడం. గుజరాత్‌కీ పాకిస్థాన్‌కీ మధ్య ఉన్న సర్ క్రీక్ అనే సముద్రపు పాయ దగ్గర సరిహద్దు ఎక్కడుందో రెండు దేశాలే ఇంతవరకు తేల్చుకోలేదు. అర్ధరాత్రి వల లాగుతున్న కళాసీకి ఆ గీత ఎలా తెలుస్తుంది?

ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టాల ఒప్పందంలో 73వ అధికరణ ఉంది. తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల వరకు ఉండే సముద్ర భాగంలో (దీన్ని ప్రత్యేక ఆర్థిక మండలి అంటారు) అనుమతి లేకుండా చేపలు పట్టినవాళ్లకు, ఆ దేశాలు వేరే ఒప్పందం చేసుకుంటే తప్ప, జైలుశిక్ష వేయకూడదు. తగిన పూచీకత్తు కట్టగానే బోటునూ మనుషులనూ వదిలేయాలి. మన దేశం దీన్ని 1995లో, పాకిస్థాన్ 1997లో ఆమోదించాయి. తీరానికి 12 నాటికల్ మైళ్లలోపు, అంటే ఆ దేశపు సొంత జలాల్లో, దొరికిన వాళ్లకు ఈ అధికరణ వర్తించదు, నిజమే. అయినా జరిమానాతో పోయే తప్పుకు ఏడాది జైలు ఏం న్యాయం?

ఇంకో మాట కూడా చెప్పాలి, కొందరికి నచ్చకపోవచ్చు. మన జైళ్లలోనూ పాకిస్థాన్ జాలర్లు ఉన్నారు. వాళ్ల ఇళ్లలోనూ మా ఊరి ఆడవాళ్లలాగే ఫోన్ పట్టుకుని ఏడుస్తూ కూర్చునే తల్లులు ఉంటారు. బీదవాళ్లను పట్టి ఉంచి, సంబంధాలు బాగున్నప్పుడు కానుకలా వదలడం ఏ ప్రభుత్వానికీ తగదు. అవతలివాళ్లు చేసేదాకా ఆగకుండా మనమే ముందు వదలాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

2008 ఒప్పందం ప్రకారం రెండు దేశాలు ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. శిక్ష పూర్తయి, ఏ దేశం వాడో తేలితే నెలలోగా పంపేయాలని కూడా అందులోనే ఉంది. జాబితాలు టైముకి వస్తున్నాయి, మనుషులే రావడం లేదు. జైళ్లు చూసివచ్చే విశ్రాంత న్యాయమూర్తుల కమిటీని మళ్లీ కూర్చోబెట్టాలి. జాబితాలో ప్రతి జాలరి పేరు పక్కన విడుదల తేదీ కూడా రాయాలని మన రెండు జిల్లాల ఎంపీలు పార్లమెంటులో అడగాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఎచ్చెర్ల మండలం, శ్రీకాకుళం జిల్లా