గిటారు తీగకు నంబరు చాలదు, గేజ్ చెప్పి అమ్మండి

సంపాదకులకు,

క్రిస్మస్ దగ్గరపడితే ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల చర్చి బృందాలు గిటార్లకు కొత్త తీగలు వేయిస్తాయి. బజారులో ‘ఒకటో నంబరు తీగ’ అని అడగడం, దుకాణంవారు కాగితంలో చుట్టి ఇవ్వడం మామూలే. నంబరు వల్ల ఎన్నో తీగో తెలుస్తుంది, ఎంత లావుదో తెలియదు. ఎలక్ట్రిక్ గిటారుకు వేసే 9 గేజ్, ఫోక్ గిటారుకు వేసే 12 గేజ్ రెండూ ఒకటో నంబరే. గేజ్ అంటే అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. 12 అంటే సుమారు 0.3 మిల్లీమీటర్లు. 12 ఉండాల్సిన చోట 9 వేస్తే బిగువు దాదాపు సగానికి పడిపోతుంది. గట్టిగా మీటితే మెడమీది ఫ్రెట్లకు (అడ్డంగా ఉండే లోహపు కడ్డీలకు) కొట్టుకుని జీరపోతుంది.

సెట్టు కొనేటప్పుడు ముందు గిటారును చూడాలి. 12–53 సెట్టు (ఒకటో తీగ 12, ఆరోది 53 గేజ్) శ్రుతిలో ఉంటే మొత్తం లాగుడు 70 కిలోలు దాటుతుంది. 10–47 అయితే 60 కిలోల దగ్గర. గట్టి వాయిద్యానికి, బృందగానంలో వినపడాలనుకునేవారికి 12 మంచిది. నేర్చుకునే పిల్లలకు, ట్రస్ రాడ్ (మెడ లోపల దన్నుగా ఉండే లోహపు కడ్డీ) లేని చవక గిటార్లకు 10 లేదా 11 చాలు. బ్రిడ్జి (పలకమీద తీగలు బిగించే చెక్క) వెనక పలక ఉబ్బినా, 12వ ఫ్రెట్ దగ్గర ఆరో తీగ 3 మిల్లీమీటర్ల కంటే బాగా ఎత్తుగా ఉన్నా లావు తీగల జోలికి పోవద్దు. తీగను బ్రిడ్జికి ముడివేసే నైలాన్ గిటారుకు స్టీలు తీగలు అసలే వేయకూడదు. ఆ గిటారు సుమారు 40 కిలోల లాగుడుకు తయారైనది, బ్రిడ్జి ఊడి వస్తుంది.

మనకు ఇంకో శత్రువు గోపాల్‌పూర్ తీరపు ఉప్పుగాలి. 80 శాతం రాగి, 20 శాతం జింకు చుట్టిన తీగలు కొత్తలో గలగలమంటాయి గానీ త్వరగా నల్లబడతాయి. రాగి, తగరం కలిసిన ఫాస్ఫర్ బ్రాంజ్ కొంచెం మెత్తగా పలికి, ఎక్కువకాలం నిలుస్తుంది. పైపూత ఉన్న తీగలు ఖరీదే అయినా సముద్రం దగ్గర ఆ డబ్బు దండగ కాదు. కొబ్బరినూనె మాత్రం రాయకండి, చుట్ల మధ్య మురికి చేరి నాదం చచ్చిపోతుంది. వాయించాక పొడిబట్టతో తుడిస్తే చాలు.

వేసేటప్పుడు తీగ చివరి గుండు, దాన్ని బ్రిడ్జి రంధ్రంలో బిగించే పిన్ను మొనమీద ఆగకుండా, లోపలి చెక్కకు ఆనాలి. పిన్నును ఒక చేత్తో అదిమి తీగను పైకి లాగితే సర్దుకుంటుంది. లేకపోతే బిగిస్తుండగా పిన్ను ఎగిరిపోతుంది. (ప్లాస్టిక్ పిన్నులు విరిగిపోతుంటే, కొమ్ముతో చేసిస్తారేమో పర్లాకిమిడి కొమ్ము పనివారిని అడిగి చూడవచ్చు.) శ్రుతి చేసే మేకుకు రెండు మూడు చుట్లు చాలు. 10 నుంచి 12కు మారినప్పుడు నట్ (మెడ పైచివర తీగలు ఆనే గాళ్ల ముక్క) గాడిలో తీగ ఇరుక్కుని, తిప్పుతుంటే టిక్కుమని శ్రుతి గెంతుతుంది. గాడిలో పెన్సిల్ పొడి రాయాలి, అప్పటికీ ఆగకపోతే గాడి కొద్దిగా వెడల్పు చేయించాలి.

పాత గిటారుకు 12 సెట్టే దొరికిందా? అర స్వరం దించి శ్రుతి చేసి, మొదటి ఫ్రెట్‌కు కాపో (తీగలన్నిటినీ ఒకేసారి అదిమే బిగింపు) పెట్టండి. లాగుడు పదో వంతు పైగా తగ్గుతుంది, హార్మోనియంతో శ్రుతి మారదు.

విడి తీగలు అమ్మే దుకాణదారులు పొట్లం మీద గేజ్ అంకె పెన్నుతో రాసి ఇస్తే చాలు.

– ఒక పాఠకుడు, బరంపురం, గంజాం జిల్లా