ఫోన్ ఎత్తని చంటికి

చిరంజీవి చంటికి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. నాలుగు రోజులుగా ఒకటే ముసురు, మీ నాన్నగారు అరుగు దిగట్లేదు. పలాస జీడిపప్పు కేజీ ఎత్తి ఉంచాను, అటు వచ్చేవాళ్ళు ఎవరైనా దొరికితే పంపుతాను. నువ్వు ఫోన్ చేసి తొమ్మిది రోజులైంది. పని ఉంటుందిలే, నేనేం అడగను.

మీ అప్ప మాత్రం ఏదో అంది. సెకండ్ హ్యాండ్ కారు చూశావట, చాలా చవకట. ఏ ఊరి బండిరా అంటే నంబరు ఏపీ 39 అన్నావట. అది ఊరు చెప్పినట్టేనా? ఇదివరకు 30 అంటే మన శ్రీకాకుళం, 35 అంటే విజయనగరం. 2019లో అన్ని జిల్లాలకూ ఒకే 39 చేసేశాక ఏ ఊరిదో ఎవరికి తెలుస్తుంది, ఆర్‌సీలో అడ్రసు చూడాలి గానీ. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి బెజవాడలో ఎన్ని కార్లు మునిగాయో మనం టీవీలో చూడలేదూ? కడిగేసి, సీట్లకు కొత్త కవర్లు తొడిగి పెడితే నీకూ నాకూ ఏం తెలుస్తుంది. సీటు బెల్టు చివరికంటా లాగి చూడమన్నాడు మీ చిన్నమావయ్య, లోపల ఉండిపోయే ముక్క మీద బురద చార మిగిలిపోతుందట. సీటు కింద బోల్టులకు తుప్పుందేమో తడిమి చూడు.

బట్టలు ఎండడం లేదు, అదొకటి.

మన వ్యాను సంగతి నీకు గుర్తుండదు, అప్పటికి నీకు మూడేళ్ళు. నా గాజులు తాకట్టు పెట్టి చీపురుపల్లిలో ఒకాయన దగ్గర కొన్నారు మీ నాన్నగారు. ఆయన టీ ఇప్పించి, ఆర్‌సీ చేతిలో పెట్టి, పేరు మార్పిడి నెమ్మదిగా చూసుకుందాం అన్నాడు. మంచి మనిషే, రోజూ విభూతి పెట్టుకుంటాడు అని ఈయన మురిసిపోయారు. మూడు నెలలు కొబ్బరికాయలు బాగానే తోలారు. ఓ రోజు నరసన్నపేట దగ్గర ఇద్దరు బండి ఆపి, అప్పు కాగితాలు చూపించి తాళం తీసేసుకున్నారు. ఫైనాన్సు వాళ్ళ పేరు ఆర్‌సీలో అచ్చయ్యే ఉంది, మేమే చదవలేదు. మీ నాన్నగారు బస్సులో ఇంటికొచ్చారు, చేతిలో మడతపెట్టిన తార్పాలిన్ ఒక్కటే. దాన్ని ఒళ్ళో పెట్టుకునే అన్నం తిన్నారు.

ఈ మాట నేను రాశానని ఆయనతో అనకు.

అందుకే చెప్తున్నా, బండి మీద అప్పుంటే, అది తీరిందని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికొచ్చి ఆర్‌సీలో అప్పిచ్చినవాళ్ళ పేరు కొట్టేసేదాకా మిగతా డబ్బు ఇవ్వకు. పేరు మార్పిడికి పెట్టే 29, 30 ఫారాల మీద సంతకాలు నీ ఎదురుగా పెట్టించు. చాసిస్ నంబరు బండి మీదా కాగితం మీదా ఒకటేనా చూడు. ఇన్సూరెన్స్ నీ పేరుకు మార్చమని బండి నీ పేరుకు మారిన 14 రోజుల్లోగా అడగాలి, పాత చలాన్లు ఎవరు కడతారో కూడా ముందే తేల్చుకో. ఏమీ కాని బండేనండి అని అమ్మేవాడంటే ఆ మాటే రాసి సంతకం చెయ్యమను, అప్పుడు చూడు వాడి మొహం. మీ పెదనాన్న స్థలం కొన్నప్పుడు స్థలం మీద అప్పులూ అమ్మకాలూ చూపించే ఈసీ ముప్పై ఏళ్ళది తీయించమని, పాత అమ్మకాల లింకు డాక్యుమెంట్లన్నీ చూడమని గంట క్లాసు పీకింది నువ్వే కదరా.

అడ్వాన్సు ఇచ్చేశావా? ఇచ్చేస్తే ఇచ్చేశావు, తిట్టను. రాత్రి పెరుగు తినకు, నీకు పడదు. ఆదివారం ఫోన్ చెయ్యి, కారు గురించి కాదు, ఊరికే.

సీటు బెల్టు లాగావా?

అమ్మ