పొగ మీద పన్ను సరే, పొయ్యి సంగతేమిటి?

సంపాదకుడు గారికి,

ఇంధన రాయితీలు ఎత్తివేసి, పొగ వదిలే బొగ్గు, పెట్రోలు వంటి ఇంధనాల మీద కర్బన పన్ను విధించి, వచ్చిన సొమ్మును పేదల ఖాతాల్లో జమ చేస్తే పర్యావరణానికీ పేదలకూ మేలు జరుగుతుందని గత వారం మీ సంపాదకీయంలో సెలవిచ్చారు. లెక్క బాగానే ఉంది. ఆ 'జమ చేస్తే' అన్న చోటే మా వీధి వీధంతా ఆగిపోయి ఉంది.

2024 నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా ఈదుపురంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీపం-2 వంటగ్యాస్ పథకం ప్రారంభించి ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితమని ప్రకటించినప్పుడు సంతోషించినవారిలో నేనూ ఉన్నాను. ఉచితమంటే ముందు పూర్తి ధర చెల్లించి, 48 గంటల్లో డబ్బు పడుతుందన్న మాట నమ్మి ఫోను చూసుకుంటూ కూర్చోవడమని అప్పట్లో తోచలేదు. మా ఇంట్లో పనిచేసే ఆవిడ ఎనిమిది వందల పైచిలుకు రూపాయలు వడ్డీకి తెచ్చి సిలిండరు తీసుకుంది. డబ్బు పడలేదని అడిగితే ఏజెన్సీవారు బ్యాంకుకు పొమ్మన్నారు. బ్యాంకువారు ఈ-కేవైసీ (ఆధార్‌తో గుర్తింపు ధ్రువీకరణ) కాలేదని మళ్లీ ఏజెన్సీకే పంపారు. అక్కడ ఆ పూట సర్వరు పనిచేయడం లేదట. ఈ తిరుగుళ్లలో మూడు పూటల పని పోయింది, వడ్డీ పెరిగింది, కట్టెల పొయ్యి మళ్లీ పెరట్లోకి వచ్చింది.

2015లో స్తోమత గలవారు గ్యాస్ రాయితీ వదులుకోవాలని పిలుపునిస్తే నేనూ వదులుకున్నాను. 2020 వేసవి నుంచి, వదులుకోని మధ్యతరగతివారికి కూడా చడీచప్పుడు లేకుండా ఆపేశారు. అదో త్యాగం, అడగకుండా చేయించినది.

అసలు కర్బన పన్ను మనకు కొత్తదా? 2010లో టన్ను బొగ్గుకు 50 రూపాయలతో మొదలైన సెస్సు 2016 నాటికి 400కు చేరింది. స్వచ్ఛ ఇంధనం కోసమని చెప్పి వసూలు చేసిన ఆ సెస్సు, 2017లో జీఎస్టీ రాగానే పేరు మార్చుకుని, అదే 400 రూపాయలతో, జీఎస్టీ వల్ల ఆదాయం తగ్గిన రాష్ట్రాలకిచ్చే నష్టపరిహారం పద్దులోకి వెళ్లింది. కరెంటు బిల్లు రూపంలో ఆ భారం మోసిన గుడిసెకు మాత్రం ఏ పద్దులోంచీ పైసా రాలేదు. పెట్రోలు సంగతీ అంతే. మన రాష్ట్రంలో 31 శాతం వ్యాట్, దాని మీద లీటరుకు 4 రూపాయలు, ఆపైన రోడ్ల కోసమని మరో రూపాయి సెస్సు. మోపెడ్ మీద ఊరూరా తిరిగి చేపలమ్ముకునే మనిషికీ, ఒక్కరి కోసం పెద్ద కారు తీసేవారికీ ఒకటే రేటు. ఆ రోడ్లను గురించి రాయబూనితే మీ పేజీ చాలదు.

రాయితీ పోగా మిగిలిన ధర మాత్రమే ఏజెన్సీ దగ్గర తీసుకుంటే ఈ వడ్డీల బాధ ఉండదు. అలా చేస్తే సిలిండర్లు హోటళ్లకు మళ్లుతాయని 2015కు ముందు చెప్పిన కారణం కొంతవరకు నిజమే కావచ్చు. ఇప్పుడు ఆధార్ అనుసంధానమైంది, ఫోనుకు వచ్చిన ఓటీపీ చెప్పనిదే సిలిండరు ఇవ్వరాదన్న నియమమూ ఉంది. ఇంకా ఎవరిని అనుమానిస్తున్నట్టు?

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయుడు,
పాలకొండ