83018 దగ్గర మేం చేసిన పొరపాటు

డాక్టర్ గార్లకు, ల్యాబులు నడుపుతున్న మిత్రులకు నమస్కారం.

అమెరికాలో మీరు చేసే టెస్టులకు ఇన్సూరెన్స్ క్లెయిములు పంపేది మా ఆఫీసే కదా. మార్చి నుంచి మే దాకా మీ హెవీ మెటల్ టెస్టుల (ఒంట్లో సీసం, పాదరసం లాంటి లోహాలు ఎంతున్నాయో చూసేవి) క్లెయిములు వరుసగా తిరిగొచ్చాయి. ఇన్సూరెన్స్ వాళ్లే సతాయిస్తున్నారని మీకు ఫోన్లో చెబుతూ వచ్చాం. వాళ్లు సతాయించలేదు, తప్పు మాదే.

జరిగింది ఇది. హైదరాబాద్‌లో మా ఆఫీసు ఫిబ్రవరిలో కొత్త సాఫ్ట్‌వేర్‌కి మారింది. టైపింగ్ తగ్గుతుందని 'హెవీ మెటల్' పేరుతో ఒక షార్ట్‌కట్ పెట్టాను. పెట్టింది నేనే, మా స్టాఫ్ కాదు. అది నొక్కితే 83018 అనే టెస్టు కోడు నాలుగు యూనిట్లు, అంటే నాలుగు టెస్టులుగా పడుతుంది. మీ కాగితాల మీద ఉన్నవేమో ఆర్సెనిక్, కాడ్మియం, సీసం, పాదరసం. టెస్టులకు, చికిత్సలకు అమెరికాలో వాడే సీపీటీ కోడ్లలో ఈ నాలుగింటికీ దేని నంబరు దానికుంది: 82175, 82300, 83655, 83825. సొంత నంబరు లేని లోహం ఎంత ఉందో కొలిస్తేనే 83018. ఇంటి నంబరు తెలిసినవాడికి కేరాఫ్ పోస్టాఫీసు అని ఉత్తరం రాసినట్టయింది మా పని. రాగి, జింక్, సెలీనియం క్లెయిములకు ఏ ఇబ్బందీ రాలేదు, వాటికి షార్ట్‌కట్ లేదు, చేత్తో కొట్టాం కాబట్టి.

పట్టుకున్నది కొత్తగా చేరిన అమ్మాయి. రాత్రి రెండింటికి, టీ టైములో అడిగింది: "సార్, సీసానికి 83655 అని క్లాసులో చెప్పారు. మనం ఒక్కసారి కూడా వాడట్లేదేంటి?" నా దగ్గర జవాబు లేదు. తెల్లారేదాకా కూర్చుని లెక్క తీస్తే 61 క్లెయిములు తేలాయి.

ప్రైవేటు ఇన్సూరెన్సులవి ఫ్రీక్వెన్సీ 7 (పాత క్లెయిముకి బదులు ఇది అని చెప్పే అంకె) పెట్టి, పాత క్లెయిమ్ నంబరుతో సరిచేసి పంపుతున్నాం. ఆ నంబరు లేకుండా మళ్లీ పంపితే డూప్లికేట్ అని సీఓ-18 అనే తిరస్కరణ కోడుతో కొట్టేస్తారు. మెడికేర్ (వృద్ధుల ప్రభుత్వ ఇన్సూరెన్స్) దగ్గర ఆ 7 చెల్లదు, రీఓపెనింగ్ (పాత క్లెయిమును మళ్లీ తెరవమని) అడగాలి, ఆ పనీ మొదలైంది.

ఇక చెప్పడానికి కష్టంగా ఉన్న మాట. కొన్ని క్లెయిములకు 83018 మీదే డబ్బు వచ్చేసింది. ఎక్కువ వచ్చింది తిరిగి కట్టాలి. మెడికేర్ అయితే అదనంగా వచ్చిందని తేలాక 60 రోజుల్లోపు. అది పడింది మీ ఖాతాలో, వెళ్లేదీ మీ ఖాతా నుంచే. ఎవరికి ఎంతో శుక్రవారంలోపు విడివిడిగా పంపుతాను. ఈ 61 క్లెయిములకు మా కమిషన్ వేయడం లేదు, ఇప్పటికే తీసుకున్నది వచ్చే బిల్లులో తగ్గిస్తాం. ఈలోగా ఈ టెస్టుల పేరుతో పేషెంట్లకు బిల్లు పంపకండి. సీఓ అని, అంటే ఒప్పందం ప్రకారం మీరే వదులుకోవాల్సిందిగా వచ్చిన మొత్తం వాళ్లను అడగకూడదు.

పిల్లల క్లినిక్కులకు ఇంకో మాట. మెడికెయిడ్ (తక్కువ ఆదాయం వాళ్ల ప్రభుత్వ ఇన్సూరెన్స్) పిల్లలకు 12 నెలలకీ 24 నెలలకీ సీసం టెస్టు తప్పనిసరి కదా. వేలి చుక్కతో మీ దగ్గరే చేసి, మీకున్నది క్లియా వేవర్ సర్టిఫికెట్ (తేలిక టెస్టులకే ల్యాబు అనుమతి) మాత్రమే అయితే, 83655 పక్కన క్యూడబ్ల్యూ మాడిఫయర్ (ఆ తేలిక టెస్టే అని చెప్పే రెండక్షరాల గుర్తు) ఉండాలి. లేకపోతే క్లెయిము తిరిగొస్తుంది. రక్తం బయటి ల్యాబుకి పంపితే ఆ టెస్టు బిల్లు వాళ్లది, మనం వేయకూడదు. ఏది ఎక్కడ చేశారో కాగితం మీద ఒక టిక్కు పెడితే చాలు, మా వాళ్లు ఊహించుకోవాల్సిన పని ఉండదు.

అలాగే 'రూల్ ఔట్ లెడ్' (సీసం ఉందేమో చూడండి) అని మాత్రం రాస్తే మేం డయాగ్నసిస్ కోడ్ వేయలేం, ఔట్‌పేషెంట్‌లో అనుమానాన్ని కోడ్ చేయకూడదు. అనుమానం ఎందుకొచ్చిందో రాయండి. మన ఇళ్లలో కారణాలకు కొదవేముంది: ఊరి నుంచి తెచ్చిన కాటుక, పొడి పసుపు, ఎవరో ఇచ్చిన భస్మం. బిడ్డ సీసానికి గురైందని చార్టులో ఉంటే జెడ్77.011 అనే డయాగ్నసిస్ కోడ్ వేస్తాం. పెయింటు పెచ్చులూడే పాత ఇల్లయితే అదీ రాయండి.

ఆ షార్ట్‌కట్ తీసేశాం. ఇప్పుడు ఏ లోహానికి ఆ లోహం కోడ్ చేత్తో కొట్టాల్సిందే, క్లెయిముకి అర నిమిషం ఎక్కువ పడుతోంది. 61లో నాలుగింటి ఆర్డర్ కాగితాలు ఫ్యాక్సులో నల్లగా వచ్చాయి, లోహం పేరు కూడా కనబడటం లేదు. అవి ఎవరివో వాళ్లకు ఈ రోజే ఫోన్ చేస్తాను, దయచేసి మళ్లీ స్కాన్ చేసి పంపండి.